సోమవారం దాకా గడువు

2012 నవంబరు 9, శుక్రవారం రాత్రి. లాస్ ఏంజెలెస్‌లోని స్టేపుల్స్ సెంటర్‌లో లేకర్స్ బాస్కెట్‌బాల్ జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద ఆడుతోంది. ఆట నడుస్తుండగానే జనం ఒక పేరు అందుకున్నారు. "వి వాంట్ ఫిల్! వి వాంట్ ఫిల్!" మాకు ఫిల్ కావాలి, ఫిల్ కావాలి అని ఒకటే కేకలు. దాదాపు పంతొమ్మిది వేల మంది పట్టే హాలు అది. వాళ్ళు అడుగుతున్న మనిషికి అప్పటికి ఆ జట్టులో ఏ ఉద్యోగమూ లేదు. ఏడాదిన్నర కిందటే రిటైరై వెళ్ళిపోయాడు.

కోచ్ కుర్చీలో ఆ రాత్రి కూర్చున్నది బెర్నీ బికర్‌స్టాఫ్. పొద్దున్నే అసలు కోచ్ మైక్ బ్రౌన్‌ని పంపించేశారు కాబట్టి, ఎవరో ఒకరు దొరికేదాకా అని ఆయన్ని కూర్చోబెట్టారు. ఎనభై రెండు మ్యాచ్‌ల సీజన్‌లో ఐదు మ్యాచ్‌లకే కోచ్ ఉద్యోగం పోయింది. ఐదింట్లో నాలుగు ఓడారు. అంతకుముందు సన్నాహక మ్యాచ్‌లు ఎనిమిది ఆడి ఎనిమిదీ పోగొట్టుకున్నారు. కోబీ బ్రయంట్, పావ్ గసోల్ ఉన్న జట్టుకి ఆ వేసవిలోనే డ్వైట్ హోవర్డ్‌నీ స్టీవ్ నాష్‌నీ తెచ్చి కలిపారు. ఇక కప్పు మనదే అనుకున్న ఊరు అది. అలాంటి ఊళ్ళో ఈ ఓటములు.

ఆ శుక్రవారం లేకర్స్ 101-77తో గెలిచారు. ఇరవై నాలుగు పాయింట్ల తేడాతో గెలుస్తున్నా జనం కేకలు ఆపలేదు.

ఆ జనం కేకల వెనక చాలా కథ ఉంది. ఫిల్ జాక్సన్ మోంటానా రాష్ట్రంలో పుట్టి, నార్త్ డకోటాలో పెరిగాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ పెంతెకొస్తు బోధకులు. ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి. న్యూయార్క్ నిక్స్ జట్టులో ఆడాడు, 1973లో ఆ జట్టు ఛాంపియన్ అయినప్పుడు అందులో ఉన్నాడు. తర్వాత కోచ్‌గా షికాగో బుల్స్‌కి మైకేల్ జోర్డన్ రోజుల్లో ఆరు టైటిళ్ళు, ఆపైన లేకర్స్‌కి ఐదు. మొత్తం పదకొండు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏ కోచ్‌కీ అన్ని లేవు.

లెక్కల కంటే ఆయన పద్ధతి నాకు ఎక్కువ ఇష్టం. ఆటగాళ్ళని కళ్ళు మూసుకుని కూర్చోబెట్టి శ్వాస మీద ధ్యాస పెట్టించేవాడు. సీజన్ మధ్యలో ఒక్కొక్కరికీ ఒక్కో పుస్తకం ఇచ్చేవాడు, వాళ్ళ వాళ్ళ స్వభావం చూసి ఏరి మరీ. ఏడడుగుల కొండలాంటి షకీల్ ఓనీల్‌కి ఆయన ఇచ్చింది హెర్మన్ హెస్ రాసిన 'సిద్ధార్థ'. ఎదుటి జట్టు వరసగా పాయింట్లు కొట్టేస్తుంటే ఏ కోచ్ అయినా కంగారుపడి టైమవుట్ అడుగుతాడు. ఈయన అడిగేవాడు కాదు. తుంటి ఆపరేషన్లయ్యాక ప్రత్యేకంగా చేయించుకున్న ఎత్తు కుర్చీలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుని చూసేవాడు. చిక్కు మీరు పెట్టుకున్నదే, విప్పుకోవడమూ మీరే నేర్చుకోండి అన్నట్టుండేది ఆ చూపు. మనకి అక్కడి రాత్రి మ్యాచ్‌లు పొద్దున ఎనిమిదికో తొమ్మిదికో వస్తాయి. ఆఫీసుకి టైమైపోతున్నా, ఆ ఎత్తు కుర్చీ మనిషి ఇప్పుడైనా లేస్తాడేమోనని టీవీ ముందు నిలబడిపోయినవాళ్ళు మన దగ్గరా ఉన్నారు.

అసలు లేకర్స్‌కి ఆయన తిరిగి రావడం అనేది అప్పటికే ఒకసారి జరిగింది. ఎవరూ నమ్మలేని తీరులో జరిగింది.

1999లో వచ్చి 2000, 2001, 2002 వరసగా మూడేళ్ళు గెలిపించాడు. 2004 ఫైనల్లో డెట్రాయిట్ చేతిలో 4-1తో ఓడిపోయారు. అప్పటికే ఇంట్లో కుంపటి రగులుతోంది. షకీల్‌కీ కోబీకీ పడదు. కోబీకీ కోచ్‌కీ పడదు. వచ్చే ఏడాది కూడా కోబీయే ఉంటే నేనుండనని జట్టు జనరల్ మేనేజర్ మిచ్ కప్చక్‌తో ఫిల్ తెగేసి చెప్పేదాకా వెళ్ళింది. ఈ కప్చక్ పేరు గుర్తుంచుకోండి. ఫైనల్ ఓడిన మూడు రోజులకే ఫిల్‌తో తెగతెంపులు అయిపోయాయి. నెల తిరక్కుండా షకీల్‌ని మయామీకి ఇచ్చేశారు. కోబీ ఉండిపోయాడు. ఆ శరదృతువులో ఫిల్ పుస్తకం వచ్చింది. తను చూసిన ఆఖరి సీజన్ గురించి. అందులో కోబీ చెబితే వినే రకం కాదని, అతనికి కోచింగ్ ఇవ్వడం అయ్యే పని కాదని అచ్చులోనే రాసేశాడు.

అలా రాశాక ఎవరైనా తిరిగి వస్తారా? కోబీ రానిస్తాడా?

ఏడాది తిరక్కముందే జట్టు కుదేలయింది. కొత్త కోచ్ రూడీ టాంజనోవిచ్ సీజన్ మధ్యలోనే తప్పుకున్నాడు. 34 గెలుపులు, 48 ఓటములు, కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో చోటు లేదు. 2005 జూన్‌లో లేకర్స్ ఫిల్ జాక్సన్‌ని మళ్ళీ తెచ్చుకున్నారు. పుస్తకంలో తిట్టినవాడూ, తిట్లు తిన్నవాడూ ఒకే డ్రెస్సింగ్ రూములో తేలారు. ఎవరూ ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. పని మొదలుపెట్టారు, అంతే. ఆ సీజన్‌లోనే, 2006 జనవరి 22న కోబీ టొరంటో మీద 81 పాయింట్లు కొట్టాడు. ఆ రాత్రి పక్కన ఎత్తు కుర్చీలో ఉన్నది, ఇతనికి చెప్పలేం బాబూ అని రాసిన మనిషే.

అయినా వెంటనే కప్పులేమీ రాలేదు. 2006 ప్లేఆఫ్స్ మొదటి రౌండులో ఫీనిక్స్ సన్స్ మీద 3-1తో ముందుండి కూడా చివరికి 4-3తో ఓడిపోయారు. మరుసటి ఏడాది మళ్ళీ మొదటి రౌండు, మళ్ళీ ఫీనిక్స్, ఈసారి 4-1. ఆ ఫీనిక్స్ కోచ్ మైక్ డాంటోని. ఆయన ఆట వేరే రకం. బంతిని వేయడానికి జట్టుకి ఇరవై నాలుగు సెకన్లు ఇస్తారు. డాంటోని మొదటి ఏడు సెకన్లలోనే వేసేయమంటాడు. ఎదుటివాడు కుదురుకునే లోపు బుట్టలో పడాలి. ఫిల్‌ది పూర్తిగా ఎదురు దారి. కోర్టుకి ఒక పక్క ముగ్గురు త్రికోణంగా నిలబడతారు, ఇద్దరు అటు. ఎదుటివాడి కదలికని బట్టి బంతి చేతులు మారుతుంది. ఎవరు వేస్తారో వేసేదాకా వాళ్ళకే తెలియదు. దానికి ఓపిక కావాలి. ఇద్దరూ గొప్పవాళ్ళే. కాని ఒకరిది ఒకరికి పనికిరాదు.

తర్వాత 2008లో ఫైనల్ దాకా వెళ్ళి బోస్టన్ చేతిలో ఓడారు. 2009లో ఓర్లాండోని 4-1తో కొట్టారు. అది ఫిల్‌కి పదో టైటిల్. బోస్టన్ పాతకాలపు కోచ్ రెడ్ ఆవర్‌బాక్ తొమ్మిది టైటిళ్ళ రికార్డు దాటిన రోజు. రోమన్ అంకె పది ఉన్న పసుపుపచ్చ టోపీ పెట్టుకుని, సాధారణంగా నవ్వని మనిషి పళ్ళు కనబడేలా నవ్వాడు. 2010లో ఏడో మ్యాచ్ దాకా వెళ్ళి 83-79తో బోస్టన్‌ని ఓడించారు. ఒక్క ఏడాది ఎడబాటు తర్వాత తిరిగొచ్చిన కోచ్ ఇచ్చిన ఫలితం అది. 2011లో డాలస్ చేతిలో 4-0తో దెబ్బతిని, శరీరం సహకరించడం లేదని ఆయనే తప్పుకున్నాడు.

అందుకే ఆ కేకలు. ఒకసారి తిరిగొచ్చి నిలబెట్టాడు, ఇంకోసారి రాడా అని.

ఇక్కడ ఆ జట్టు ఇంటి సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో లేకర్స్ ఒక కంపెనీ కంటే ఒక కుటుంబం అంటేనే సరిపోయేది. రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేసి, ఇళ్ళ స్థలాల వ్యాపారంలో సంపాదించిన జెర్రీ బస్ 1979లో ఆ జట్టుని కొన్నాడు. అందరూ డాక్టర్ బస్ అంటారు. కూతురు జీనీ పంతొమ్మిదేళ్ళకే తండ్రి టెన్నిస్ జట్టుని నడిపింది. 2012 నాటికి లేకర్స్ వ్యాపారమంతా ఆమె చేతిలో ఉంది. కొడుకు జిమ్ కొన్నేళ్ళు పందెపు గుర్రాలకి తర్ఫీదిచ్చి వచ్చాడు. ఆట వ్యవహారాలు అతనివి. టికెట్లు అక్కడ, ఆటగాళ్ళు ఇక్కడ అని తండ్రి గీత గీసి ఇచ్చాడు. 2012 చివరికి ఆ తండ్రి ఒంట్లో బాగాలేక మంచాన ఉన్నాడు.

ఫిల్ జాక్సన్ జీనీ ప్రియుడు. అప్పటికి పెళ్ళి మాట ప్రకటించుకోలేదు గాని, పన్నెండేళ్ళ పైబడిన జత వాళ్ళది. ఊరంతా ఎరుగుదురు. జిమ్‌కి ఫిల్ అంటే అంతగా గిట్టదన్నదీ ఊరంతా ఎరుగుదురు. 2011లో ఫిల్ వెళ్ళాక ఆయన సహాయకుడు బ్రయాన్ షాకి కుర్చీ ఇమ్మని ఆటగాళ్ళు అడిగినా వినకుండా మైక్ బ్రౌన్‌ని తెచ్చారు. ఫిల్ కాలం మనుషులు చాలామంది ఒక్కొక్కరే జారిపోయారు. ఇప్పుడు ఆ బ్రౌన్‌నే పంపించేశాక, జిమ్ ఎవరి దగ్గరికి వెళ్ళాలో వేల గొంతులు చెబుతున్నాయి.

వెళ్ళాడు. శనివారం పొద్దున జిమ్ బస్, మిచ్ కప్చక్ ఇద్దరూ కలిసి సముద్రం ఒడ్డున ప్లాయా డెల్ రేలో ఉన్న ఫిల్ ఇంటికి వెళ్ళారు. ఎనిమిదేళ్ళ కిందట, కోబీ ఉంటే నేనుండను అన్న మాట విన్న కప్చక్కే ఇప్పుడు, కోబీ మీరే కావాలంటున్నాడని తెలిసి ఆ గడప తొక్కాడు. కోబీ నిజంగానే దాచుకోలేదు. ఫిల్ దగ్గర తనకి మిగిలిపోయిన పనుందన్నట్టు పత్రికల వాళ్ళ ముందే మాట్లాడాడు. ఆ ఇద్దరి మధ్య జరిగినదంతా తెలిసినవాళ్ళకి ఆ మాటలు వింటే మనసు నిండుతుంది.

గంటన్నర కూర్చున్నారు. డబ్బు మాట రాలేదు. కాగితాల మాట రాలేదు. జట్టు ఎలా ఉంది, ఈ ఆటగాళ్ళతో ఏం చెయ్యొచ్చు, నీకు ఓపిక ఉందా, ఇలాంటి మాటలు. అరవై ఏడేళ్ళ మనిషి. తుంటి ఆపరేషన్లు, మోకాలి ఆపరేషన్ అయ్యాయి. ఊరూరా విమానాల్లో తిరగాలి. ఆలోచించుకోవాలన్నాడు. సరే, సోమవారం చెప్పండి అన్నారు. సోమవారం దాకా గడువు. ఆ మాట మీద లేచారు.

ఆ రెండు రోజులూ ఊళ్ళో ఇక అయిపోయినట్టే లెక్క. పత్రికలు రాసేశాయి. ఆదివారం రాత్రి లేకర్స్ శాక్రమెంటోని ఓడించారు, మళ్ళీ అవే కేకలు. పాత శిష్యులు, పాత ప్రత్యర్థులు, మ్యాజిక్ జాన్సన్ లాంటి ఆ జట్టు పెద్దలు, అందరి నోటా అదే పేరు. ఇంకా సరే అనకముందే ఊరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టేసింది. ఆయన మనసూ అటే మొగ్గిందని తర్వాత ఆయన మాటల్లోనే తెలిసింది. తను మళ్ళీ ఆ పనికి సిద్ధపడటానికి ముఖ్య కారణం ఆ జనం అని చెప్పాడు. ఆటగాళ్ళు కూడా తనవైపే ఉన్నారని నమ్మకం కుదిరింది. సోమవారం తెల్లవారితే జవాబు చెప్పాలి.

ఆదివారం రాత్రి పడుకున్నాడు. పన్నెండు గంటల వేళ ఫోను మోగింది. మనకి అప్పుడు సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నిద్రలోంచి లేచి తీశాడు. అవతల కప్చక్. జవాబేమిటని అడగలేదు. మైక్ డాంటోనితో మూడేళ్ళకి ఒప్పందం అయిపోయిందని, ఈ జట్టుకి ఆయనే తగిన కోచ్ అని తాము అనుకున్నామని చెప్పాడు.

డాంటోని. 2006లో, 2007లో ఫిల్‌ని మొదటి రౌండులోనే ఇంటికి పంపిన డాంటోని.

ఆ ఎంపికకి కారణాలు లేకపోలేదు. నన్నడిగితే ఆ ఎంపికని తప్పు పట్టను. స్టీవ్ నాష్ తన గొప్ప ఏళ్ళన్నీ డాంటోని దగ్గరే ఆడాడు. డాంటోనికి అప్పటికి అరవై ఒకటే, ప్రయాణాలకి వెనకాడడు. ముసలి డాక్టర్ బస్‌కి ఎనభైల నాటి 'షోటైమ్' రోజుల నుంచీ పరుగుల ఆటంటే ప్రాణం. డాక్టర్ బస్, జిమ్, తను ముగ్గురమూ ఏకగ్రీవంగా నిర్ణయించామని కప్చక్ చెప్పాడు. కోబీకి కూడా డాంటోని పరాయివాడు కాదు. తండ్రి ఇటలీలో ఆడే రోజుల్లో, చిన్నపిల్లవాడిగా అతను కళ్ళప్పగించి చూసిన ఆటగాడు ఈ డాంటోనియే. ఫిల్ మితిమీరిన కోరికలు కోరాడని, బయటి ఊళ్ళ మ్యాచ్‌లకి రానన్నాడని పత్రికల్లో వచ్చింది. అసలు షరతుల మాటే రాలేదని ఫిల్ వైపు వాళ్ళు ఖండించారు. ఏది ఎలా ఉన్నా, జట్టు వాళ్ళది, ఎవరిని పెట్టుకోవాలన్నది వాళ్ళ ఇష్టం.

నాకు కష్టంగా ఉండేది ఆ శనివారం. ఇష్టం లేకపోతే వెళ్ళకుండా ఉండాల్సింది. వెళ్ళారు, గంటన్నర కూర్చున్నారు, గడువు వాళ్ళే ఇచ్చారు. విస్తరి వేసి, మనిషి చెయ్యి కడుక్కుని వచ్చేలోపు తీసేసినట్టయింది. పదకొండు టైటిళ్ళ మనిషికే కాదు, పదకొండు మ్యాచ్‌లు కూడా గెలవని కోచ్‌కైనా అలా చెయ్యకూడదు. ఆదివారం మధ్యాహ్నం ఒక్క మాట చెబితే సరిపోయేది. ఊరంతా ఎదురుచూస్తున్న మనిషిని అర్ధరాత్రి నిద్ర లేపి, నీ జవాబు మాకక్కర్లేదని చెప్పాల్సిన తొందర ఏమొచ్చింది?

మర్నాడు ఫిల్ ఒక ప్రకటన ఇచ్చాడు. శనివారం ఎవరు వచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు, ఏ మాట మీద లేచారు, ఎన్ని గంటలకి ఫోను వచ్చింది, అన్నీ వరసగా చెప్పాడు. ఒక్క చురక లేదు. నిర్ణయం వాళ్ళది అన్నాడు. తన కోసం అరిచిన జనానికి కృతజ్ఞతలు చెప్పాడు. జీనీ మాత్రం తన పుస్తకంలో దాచుకోకుండా రాసింది, సొంత అన్న చేతిలో మోసపోయినట్టు అనిపించిందని. ఆ జట్టులో ఆమె పెద్ద అధికారి. ఆ ఇంటి మనిషి. ఆమెకీ ముందు తెలియదు.

డాంటోనికి పాపం ఒక్కటీ కలిసి రాలేదు. మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఉన్నాడేమో, చంకల కింద కర్రలతో వచ్చి పరిచయ సమావేశంలో కూర్చున్నాడు. ఆయన వచ్చేసరికే నాష్ కాలు విరిగి ఉంది. హోవర్డ్‌ది వెన్నునొప్పి. కిందా మీదా పడి 45 మ్యాచ్‌లు గెలిచారు. 2013 ఏప్రిల్ 12న, ప్లేఆఫ్స్ అందుకోవాలని రాత్రి తర్వాత రాత్రి నలభై నిమిషాల పైన ఆడుతూ వచ్చిన కోబీకి మడమ స్నాయువు తెగింది. తెగిన స్నాయువుతోనే గీత దగ్గరికి నడిచి వెళ్ళి, రెండు ఫ్రీ త్రోలూ వేసి, ఎవరి సాయమూ లేకుండా కుంటుకుంటూ లోపలికి వెళ్ళాడు. ప్లేఆఫ్స్‌లో శాన్ ఆంటోనియో 4-0తో ఊడ్చేసింది. హోవర్డ్ వెళ్ళిపోయాడు. మరుసటి సీజన్ 27 గెలుపులు. 2014 ఏప్రిల్ 30న డాంటోని రాజీనామా చేశాడు. తర్వాత హ్యూస్టన్ వెళ్ళి 2017లో ఎన్‌బీఏ ఉత్తమ కోచ్ అవార్డు తీసుకున్నాడు. ఆయనలో లోటేమీ లేదనడానికి ఆ ఒక్కటి చాలు.

మళ్ళీ ఆ నవంబరుకి వద్దాం. అర్ధరాత్రి ఫోను వచ్చిన ఆరు వారాలకి క్రిస్మస్ పండగ వచ్చింది. ఫిల్ జీనీకి ఉంగరం తొడిగాడు. అమెరికాలో ఛాంపియన్ జట్టుకి కప్పుతో పాటు ఉంగరాలిస్తారు. కోచ్‌గా పదకొండు అందుకున్న మనిషి ఈసారి తనే ఒకటి ఇచ్చాడు. అవమానం అన్నది, దాన్ని చెల్లెలితో ముడిపెట్టుకోలేదు. ఫిబ్రవరిలో డాక్టర్ బస్ పోయాడు. 2013 ఫిబ్రవరి 21న సంస్మరణ సభ జరిగితే ఫిల్ వెళ్ళి, వేదికెక్కి, తనకి రెండుసార్లు పని ఇచ్చిన పెద్దాయన గురించి నిండుగా మాట్లాడాడు. నాలుగు నెలలు కూడా కాలేదు ఆ ఫోనుకి.

2014 మార్చిలో న్యూయార్క్ నిక్స్ కబురు పెట్టింది. తను ఆడిన జట్టు, కుర్రతనం గడిచిన ఊరు. కోచ్‌గా కాదు, అధ్యక్షుడిగా. ఐదేళ్ళు, ఆరు కోట్ల డాలర్లు. సొంత ఇంటి జట్టు వద్దన్నాక ఆట వదలలేని మనిషి ఇంకేం చేస్తాడు? వెళ్ళాడు. దేశానికి ఈ చివర జీనీ, ఆ చివర ఫిల్. మొదటి సీజన్‌లో నిక్స్ 17 గెలిచి 65 ఓడారు. ఆ జట్టు చరిత్రలో అంత తక్కువ గెలుపులు ఎన్నడూ లేవు.

ఇటు లేకర్స్ గెలుపులు 27 నుంచి 21కి, 21 నుంచి 17కి దిగాయి. మూడు నాలుగేళ్ళలో జట్టుని నిలబెట్టకపోతే తప్పుకుంటానని జిమ్ ఒకప్పుడు పత్రికల ముందు మాట ఇచ్చాడు. తండ్రి వీలునామా ప్రకారం జట్టు పగ్గాలు జీనీవి. అన్నని ఓర్చుకుంది, చెప్పిన గడువు దగ్గరపడేదాకా చూసింది. 2017 ఫిబ్రవరి 21న, తండ్రి సంస్మరణ సభ జరిగిన నాటికి సరిగ్గా నాలుగేళ్ళకి, జిమ్ బస్‌నీ మిచ్ కప్చక్‌నీ ఒకే రోజు పదవుల్లోంచి తీసేసింది. ఆ శనివారం ప్లాయా డెల్ రే ఇంట్లో కూర్చున్న ఇద్దరినీ. ఆట వ్యవహారాలు మ్యాజిక్ జాన్సన్ చేతిలో పెట్టింది.

మరో నాలుగు నెలలకి, జూన్ 28న, న్యూయార్క్ కూడా ఫిల్‌ని వదులుకుంది. నిక్స్‌లో చేరాక మొదటిసారి ఆయన ఏ జట్టుకీ బాకీ లేడు. లాస్ ఏంజెలెస్‌లో ఆయన్ని పిలవాలంటే జీనీ ఇక ఎవరినీ అడగక్కర్లేదు. అడ్డు చెప్పే అన్న లేడు, అర్ధరాత్రి ఫోను చేసే మేనేజరూ లేడు.

కాని పెళ్ళి ఆలోచన మానుకున్నామని ఇద్దరూ కలిసి చేసిన ప్రకటన అప్పటికే వచ్చేసింది. 2016 డిసెంబరు 27న. అన్నని తీసేయడానికి ఎనిమిది వారాల ముందు. ఎవరి ఉద్యోగ బాధ్యతలు వాళ్ళకున్నాయని, రెండు ఊళ్ళ మధ్య దూరం ఎక్కువైపోయిందని అందులో కారణం రాశారు.